అమోస్ అలోంజో స్టాగ్

అమోస్ అలోంజో స్టాగ్ (ఆగష్టు 16, 1862 - మార్చి 17, 1965) అమెరికాకు చెందిన ప్రముఖ క్రీడా శిక్షకుడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సుదీర్ఘకాలం శిక్షణ ఇవ్వడమే కాక, బాస్కెట్‌బాల్ తొలినాళ్ళ వ్యాప్తికి కూడా ఈయన తోడ్పడ్డాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మన దేశంలో ఆడే ఫుట్‌బాల్ కాదు. అందులో కోలగా ఉండే బంతిని చేతులతో పట్టుకొని కూడా ఆడతారు.

బాల్యం, విద్య

స్టాగ్ న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఒక పేద చెప్పులుకుట్టే వృత్తిదారుని కుటుంబంలో జన్మించాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదివి, 1889లో మొట్టమొదటి అఖిల అమెరికా ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికయ్యాడు. మతబోధకుడు కావాలని వేదాంత విద్యలో చేరాడు కాని, వేదికపై ప్రసంగించే నేర్పు తనకు లేదని భావించి ఆ ఆలోచన విరమించాడు. యువకుల శీలాన్ని మైదానంలోనే తీర్చిదిద్దాలని నిశ్చయించుకున్నాడు.

స్ప్రింగ్‌ఫీల్డ్

1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణా పాఠశాలలో చేరి, అక్కడ ఫుట్‌బాల్ జట్టును తయారుచేశాడు. బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ ఆ జట్టులో ఒక ఆటగాడు. 1892 మార్చి 11న ప్రజల ఎదుట జరిగిన తొలి బాస్కెట్‌బాల్ పోటీలో విద్యార్థులు ఉపాధ్యాయులపై 5-1 తేడాతో గెలిచారు. ఉపాధ్యాయుల ఏకైక గోలు చేసినది స్టాగే.

చికాగో

యేల్‌లో తన గురువైన విలియం రెయినీ హార్పర్ పిలుపుపై 1892లో చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ 1932 వరకు 41 సీజన్లు ఫుట్‌బాల్ శిక్షకుడిగా పనిచేశాడు. 1896లో ఈయన బాస్కెట్‌బాల్ జట్టు, జట్టుకు ఐదుగురు చొప్పున ఆడిన పోటీలో అయోవాపై 15-12తో గెలిచింది. 70 ఏళ్ళు నిండినవారు పదవీ విరమణ చేయాలన్న నియమం వల్ల, స్టాగ్‌కు ఇష్టం లేకపోయినా శిక్షక పదవిని వదలవలసి వచ్చింది.

చిన్న కళాశాలలలో

విశ్రాంతి తీసుకోవడానికి స్టాగ్ ఒప్పుకోలేదు. 1933లో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఉన్న చిన్న కళాశాల, కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో చేరి, 1946 వరకు 14 సీజన్లు పనిచేశాడు. 1938లో తన జట్టును చికాగోకు తీసుకువెళ్ళి, తన పేరే పెట్టిన స్టాగ్ ఫీల్డ్‌లో తన పూర్వ విశ్వవిద్యాలయాన్ని 32-0తో ఓడించాడు. మరుసటి ఏడాది చికాగో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టును రద్దు చేసింది. స్టాగ్ మాత్రం 1943లో, 81 ఏళ్ళ వయసులో, ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకుడిగా ఎన్నికయ్యాడు. 1947 నుండి 1952 వరకు పెన్సిల్వేనియాలోని సస్క్యూహన్నాలో, శిక్షకుడైన తన కుమారునికి సహాయకుడిగా ఉన్నాడు.

గుర్తింపు

స్టాగ్‌కు 1951లో కళాశాల ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో ఆటగాడిగాను, శిక్షకుడిగాను స్థానం లభించింది. 1959లో బాస్కెట్‌బాల్ కీర్తిమందిరపు తొలి సభ్యులలో ఒకడయ్యాడు. ఈయన సాధించిన 314 ఫుట్‌బాల్ విజయాల రికార్డును 1981లో బేర్ బ్రయంట్ అధిగమించాడు. స్టాగ్ 102 ఏళ్ళ వయసులో స్టాక్టన్‌లో మరణించాడు. క్రీడలకు ఉపకార వేతనాలు ఇవ్వని చిన్న కళాశాలల విభాగంలో జాతీయ ఫుట్‌బాల్ అంతిమ పోటీకి 1973 నుండి స్టాగ్ బౌల్ అనే పేరు ఉంది.