కరివేపలో నిలిచిన పేరు

చైత్రమాసంలో రుద్రూరు పెరళ్లలో కరివేప లేత చిగుళ్లు తొడుగుతుంది. నల్లని సీతాకోకచిలుక ఒకటి ఆ చిగుళ్లపై వాలి, ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టి ఎగిరిపోతుంది. నిత్యం తాలింపులో వేసుకునే ఆ కరివేప శాస్త్రనామంలో ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుని పేరు నిలిచి ఉంది. ఆయనే జోహాన్ గెర్హార్డ్ కోనిగ్.

కోనిగ్ 1728లో బాల్టిక్ ప్రాంతంలోని లివోనియాలో జన్మించారు. 1757లో స్వీడన్ దేశపు మహాశాస్త్రవేత్త లిన్నేయస్ వద్ద శిష్యరికం చేశారు. ప్రతి జీవికీ ప్రజాతి, జాతి అనే రెండు పదాలతో పేరు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన గురువు ఆయన.

1768లో కోనిగ్ వైద్యునిగా తమిళతీరంలోని తరంగంబాడికి వచ్చారు. వైద్యం చేస్తూనే మొక్కలను, కీటకాలను సేకరించి ఐరోపా పండితులకు పంపారు. ఆ కీటకాలలో పెక్కింటిని లిన్నేయస్ మరో శిష్యుడు ఫాబ్రిషియస్ తన గ్రంథాలలో వర్ణించారు. శిష్యుని కృషికి గుర్తింపుగా లిన్నేయస్ 1771లో కరివేపకు కోనిగ్ పేరు పెట్టారు.

సీతాకోకచిలుకలను గుర్తించడం ఆనాడు సులభసాధ్యం కాదు. కరివేపపై గుడ్లు పెట్టే పైన చెప్పిన చిలుకే ఇందుకు నిదర్శనం. దాని ఆడవాటిలో కొన్ని మగదానివలె ఉంటాయి. మరికొన్ని పక్షులు తినడానికి వెనుకాడే ఎర్రమచ్చల చిలుకలను పోలి ఉంటాయి. అందువల్ల లిన్నేయస్ అంతటివాడే 1758లో ఒకే జాతికి రెండు పేర్లు పెట్టారు. రెక్కల రంగు ఒక్కటే చాలదని, గుడ్డు, పురుగు, ఆహారపు మొక్క అన్నింటినీ గమనించాలని తరువాతివారు గ్రహించారు.

కోనిగ్ 1774లో ఆర్కాటు నవాబు కొలువులోనూ, 1778లో ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ చేరారు. సయాం, మలక్కాల వరకు పర్యటించారు. 1785లో కాకినాడ సమీపంలోని జగన్నాథపురంలో వ్యాధిగ్రస్తులై మరణించారు. సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో అంతిమదినాలలో ఆయనకు చికిత్స చేశారు. కోనిగ్ రాతప్రతులు లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. తాను చూసినదంతా గ్రంథరూపంలో వెలువరించే అవకాశం ఆయనకు దక్కలేదు. ఆయన సేకరణలకు ఇతరులు పేర్లు పెట్టారు.

అయినా ఆ శ్రమ వృథా కాలేదు. తెలుగునేలపై కన్నుమూసిన ఆ పరదేశి పేరు తెలుగువారి పెరటిలో ఏటా చిగురిస్తూనే ఉంది. ఆ చిగురుపై వాలిన చిలుకను ఓపికగా గమనించడమే ఆయనకు మనమర్పించే నివాళి.