మంచుకొండలలో ఆరెల్ స్టైన్

ఆసియాఖండము నడుమ, టిబెట్టు పీఠభూమికి ఉత్తరముగా, తక్లమకాను అను గొప్ప ఎడారి కలదు. చూపు పోయినంత దూరము ఇసుకతిన్నెలే తప్ప అచట మరేమియు కానరాదు. అయినను సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వము ఆ ఎడారి అంచుల వెంట చైనాపట్టును మోసికొనిపోవు ఒంటెల బిడారులు నడచుచుండెడివి. కొండలనుండి దిగివచ్చు నదుల నీటితో ఆ బాటల ప్రక్కన పల్లెలును పట్టణములును వర్ధిల్లెను. భారతదేశమునుండి బౌద్ధధర్మము ఆ దారినే చైనాకు చేరెను. కాలక్రమమున నీరు తరిగెను. జనులు ఊళ్లు విడిచిపోయిరి. ఇసుక వచ్చి ఇండ్లను కప్పివేసెను. ఆ ఇసుకను త్రవ్వించి, లోకము మరచిన ఆ నాగరకతను వెలికి తెచ్చినవారిలో ముఖ్యుడు ఆరెల్ స్టైన్. అందులకై ఆతడును ఆతని తోడివారును చెల్లించిన మూల్యము తక్కువది కాదు.

స్టైన్ 1862వ సంవత్సరము నవంబరు 26వ తేదీన హంగరీదేశమున, నేటి బుడాపెస్టులో భాగమైన పెస్టు నగరమున జన్మించెను. బాల్యముననే ఆతనికి అలెగ్జాండరు దండయాత్రల చరిత్రపై మక్కువ కలిగెను. వియన్నా, లైప్‌జిగ్, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములలో సంస్కృతమును, ప్రాచీన పారశీకమును అభ్యసించి 1883లో డాక్టరు పట్టమును పొందెను. తరువాత స్వదేశమునకు మరలి సైన్యమున ఒక సంవత్సరము పనిచేయవలసి వచ్చెను. అచట ఆతనికి భూమిని కొలుచుటయు, దేశపటములు గీయుటయు నేర్పిరి. పండితులలో పెక్కుమందికి లేని ఈ విద్య ఆతనికి జీవితాంతము ఉపకరించెను.

1888లో స్టైన్ లాహోరు చేరి, పంజాబు విశ్వవిద్యాలయమున రిజిస్ట్రారుగను, ప్రాచ్యకళాశాలకు ప్రిన్సిపాలుగను ఉద్యోగము చేసెను. సెలవులు దొరకినపుడెల్ల కాశ్మీరమునకు పోయెడివాడు. కాశ్మీరరాజుల చరిత్రయగు కల్హణుని రాజతరంగిణిని వ్రాతప్రతులతో సరిచూచి 1892లో ప్రకటించెను. 1900లో దాని ఆంగ్లానువాదమును వెలువరించెను. ఈ కృషిలో గోవింద కౌల్ అను కాశ్మీరపండితుడు ఆతనికి మిక్కిలి తోడ్పడెను. గ్రంథమున పేర్కొన్న స్థలములను తానే స్వయముగా పోయి చూచి గుర్తించుట స్టైన్ పద్ధతి. మొహంద్ మార్గ్ అను కొండమైదానమున, సుమారు 11,000 అడుగుల ఎత్తున, గుడారము వేసికొని వేసవులు గడపెడివాడు. ఆతడు వివాహమాడలేదు, స్థిరమైన ఇల్లు నేర్పరచుకొనలేదు. ఆ గుడారమే ఆతనికి ఇల్లు.

ఏడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన చైనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగ్, ఎడారి అంచున ఉన్న ఖోటాను రాజ్యమును తన గ్రంథమున వర్ణించియుండెను. స్టైన్ ఆ గ్రంథమునే దారి చూపు దివ్వెగా చేసికొని, భారతప్రభుత్వము అనుమతియు ధనమును ఒసగగా, 1900లో తన మొదటి యాత్రకు బయలుదేరెను. ఎడారిలో త్రవ్వకములను ఆతడు చలికాలముననే జరిపించెను. వేసవిలో అచట ఎండకు నిలువరాదు. త్రాగుటకు నీరును దొరకదు. చలికాలమున నీరు గడ్డకట్టును గనుక మంచుగడ్డలను సంచులలో కట్టి ఒంటెలపై మోయించుకొనిపోయి, కావలసినపుడు కరగించి త్రాగవచ్చును. అయితే ఆ చలి సామాన్యమైనది కాదు. సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టునంతటి చలిలో పనివారు ఇసుకను తోడుచుండిరి. నియా అను చోట వారికి ఖరోష్ఠీలిపిలో వ్రాసిన కొయ్యపలకలు పెక్కు దొరకెను. వానిలోని భాష వాయవ్య భారతమునాటి ప్రాకృతము. కొన్ని పలకలకు వేసిన మట్టిముద్రలపై గ్రీకుదేవతల రూపములు కానవచ్చెను. భారతదేశము, చైనా, గ్రీసు ఆ మారుమూల గ్రామమున కలిసికొన్నవని ఆ పలకలు సాక్ష్యమిచ్చెను.

1906లో ఆతడు రెండవ యాత్రకు వెడలెను. ఈ యాత్రలో ఆతనికి ముగ్గురు మంచి సహాయకులు దొరకిరి. చైనాదేశస్థుడగు చియాంగ్ కార్యదర్శిగా ఉండెను. భారత సర్వేశాఖకు చెందిన లాల్ సింగు పటములు గీయుచుండెను. సైన్యమునుండి వచ్చిన నాయక్ రాంసింగు వడ్రంగము, చిత్రలేఖనము, ఛాయాచిత్రములు తీయుట మొదలగు పనులెల్ల నేర్చినవాడు. లౌలాన్ శిథిలములను, మీరాన్ బౌద్ధాలయములలోని కుడ్యచిత్రములను పరిశోధించి, 1907 మార్చిలో స్టైన్ తున్‌హువాంగ్ చేరెను. అచటి కొండగుహలలో ఒకదాని ప్రక్క, సుమారు తొమ్మిదివందల సంవత్సరములు గోడ చాటున మూసియుంచిన గది ఒకటి 1900లో బయల్పడియుండెను. అది నిండ వ్రాతప్రతులును పట్టుపై చిత్రించిన బొమ్మలును ఉండెను. గుహలను కాపాడుచున్న వాంగ్ అను సన్యాసికి ఆలయ మరమ్మతులకై కొంత వెండి నిచ్చి, స్టైన్ వానిలో పెక్కింటిని తీసికొనిపోయెను. క్రీ. శ. 868లో అచ్చయిన వజ్రచ్ఛేదికాసూత్రము వానిలోనిదే. తేదీ తెలిసిన ముద్రిత గ్రంథములలో సంపూర్ణముగా నిలిచియున్నవానిలో అది మిక్కిలి ప్రాచీనమైనది. ఆ సంపద ఆవిధముగా దేశము దాటిపోవుట తమకు తీరని నష్టమని చైనాపండితులు భావింతురు. వారి ఆవేదన న్యాయమైనదే. స్టైన్ జీవితమును తెలిసికొనువారు ఈ విషయమును మరువరాదు.

ఆ సంవత్సరాంతమున నాయక్ రాంసింగునకు గొప్ప ఆపద వాటిల్లెను. మీరాన్‌లో మిగిలిన కుడ్యచిత్రముల పనికై స్టైన్ ఆతనిని అచటికి పంపియుండెను. అచట నీటికాసులు అను కంటివ్యాధి సోకి, తీవ్రమైన తలనొప్పితో ఆతనికి ఒక కన్ను పోయెను. అయినను ఆతడు పని విడువలేదు. తరువాత రెండవ కన్నును పోయెను. చూపులేని ఆ సిక్కుసైనికుని దీర్ఘప్రయాణము చేయించి ఖోటానుకు తీసికొనివచ్చిరి. యార్కండులోని స్వీడను దేశపు వైద్యుడు పరీక్షించి, ఇక చూపు రాదని తేల్చెను. స్టైన్ మిక్కిలి దుఃఖించి, ఆతనిని జాగ్రత్తగా స్వదేశమునకు పంపించెను. ప్రభుత్వముతో వాదించి ఆతనికి ప్రత్యేకమైన పింఛను ఇప్పించెను. కాని రాంసింగు దానిని ఎక్కువకాలము అనుభవింపలేదు, 1909లోనే కన్నుమూసెను.

1908 వేసవిలో స్టైన్ ఖోటానున కూర్చుండి తాను సేకరించిన వస్తువులను పెట్టెలలో భద్రపరచి భారతదేశపు దారి పట్టించెను. యాత్ర ఇంచుమించు ముగిసినట్లే. కాని ఆతని మనస్సున ఒక కొరత మిగిలియుండెను. ఖోటాను ప్రాంతమునకు ప్రాణాధారమైన నదులు కున్‌లున్ పర్వతములలో పుట్టుచున్నవి. ఆ హిమానీనదములను అంతవరకు ఎవ్వరును సరిగా పటమున కెక్కింపలేదు. ఇసుకలో మునిగిన ఊళ్ల కథను తెలిసికొనవలెనన్నచో, వానికి నీరిచ్చిన కొండలను గూడ తెలిసికొనవలెనని ఆతడు తలచెను. లాల్ సింగుతోను కొలదిమంది అనుచరులతోను ఆతడు ఆ నిర్మానుష్య ప్రదేశమున ప్రవేశించెను. పశువులకు మేతయు, పొయ్యికి కట్టెయు దొరకని చోటది. జంతువులు ఒక్కొక్కటిగా కూలిపోవుచుండెను.

సెప్టెంబరు 22వ తేదీన వారు సుమారు 20,000 అడుగుల ఎత్తుగల ఒక మంచుగట్టు నెక్కిరి. లోతైన మంచులో కాలు దిగబడుచుండగా, పైకి చేరుసరికి చాల ప్రొద్దెక్కెను. గట్టుపై నిలిచి చూడగా నలుదెసల శిఖరములు తేటగా కానవచ్చెను. లాల్ సింగు సర్వే బల్లపై పటము గీయసాగెను. స్టైన్ కొయ్యబారిన వ్రేళ్లతో ఒకదాని వెంట ఒకటిగా ఛాయాచిత్రములు తీయసాగెను. అట్టి అవకాశము మరల రాదని ఆతడు ఎరుగును. ఆ ఆత్రములో తన పాదములను మరచెను. అంత ఎత్తున ఆ చలిలో అంతసేపు నిలుచుట ఎంత అపాయమో ఆతనికి తెలియనిది కాదు, అయినను నిలిచెను. ప్రొద్దు వాలిన పిదప త్వరత్వరగా దిగివచ్చి, చీకటిపడిన వేళకు గుడారము చేరి పాదరక్షలు విప్పి చూచుకొనగా, వ్రేళ్లు చలిచే బిగుసుకొని స్పర్శ లేకుండెను.

మంచుకాటు తగిలినపుడు మొదట నొప్పి తెలియదు. శరీరము తన లోపలి వేడిని నిలుపుకొనుటకై చేతులకును కాళ్లకును పోవు రక్తమును తగ్గించును. రక్తమందని చోట మాంసము గడ్డకట్టును. స్పర్శ పోవుటచేత మనుష్యునికి ఆ సంగతియే తెలియదు. అనుచరులు ఆతని పాదములను మంచుతో గట్టిగా రుద్దిరి. ఆ కాలమున అదియే చికిత్స అని నమ్మెడివారు. అట్లు రుద్దుట హానికరమనియు, గోరువెచ్చని నీటిలో ఉంచుటయే మేలనియు నేటి వైద్యులు చెప్పుదురు. ఎడమపాదము కోలుకొనెను. కుడిపాదపు వ్రేళ్లు కోలుకొనలేదు. కొన్ని దినములకు అవి నల్లబడి చచ్చిపోసాగెను. స్టైన్ తన వెంట ఉన్న వైద్యగ్రంథమును చూచి, త్వరలో శస్త్రవైద్యుని చేరనిచో ప్రాణమునకే ముప్పని గ్రహించెను.

శస్త్రవైద్యుడు ఉన్నది లడాఖులోని లే పట్టణమున. అది సుమారు 300 మైళ్ల దూరము. నడుమ ఆకాశమంటు కనుమలు. నడువలేని స్టైన్‌ను మొదట జడలబఱ్ఱెపై కూర్చుండబెట్టి తీసికొనిపోయిరి. తరువాత గుడారపు కొయ్యలతో డోలీ వంటిది కట్టి, దానిలో పరుండబెట్టి నడిపించిరి. దారి రాళ్లమయము. ప్రతి కుదుపునకు కాలు సలపరించెను. అక్టోబరు మొదటివారమున 18,000 అడుగులకు పైబడిన కారకోరం కనుమను దాటిరి. లాల్ సింగు ముందుగా పోయి సహాయము సమకూర్చెను. లడాఖు కూలీలు డోలీని భుజములపై నెత్తుకొని మంచుదారులలో మోసిరి. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. కాని వారు అడుగు తప్పియుండినచో స్టైన్ కథ అచటనే ముగిసియుండెడిది.

అక్టోబరు 12వ తేదీన వారు లే చేరిరి. రెండు దినముల తరువాత అచటి మొరావియను మిషను ఆసుపత్రిలో ఆతని కుడిపాదపు వ్రేళ్లను కోసి తొలగించిరి. అప్పటికి ఆతనికి 45 సంవత్సరములు. నడకయే జీవితముగా గల వానికి అంతకు మించిన దెబ్బ లేదు. అయినను ఆతడు నిరాశ చెందలేదు. కొన్ని వారములు మంచము పట్టి, పిదప డోలీలోనే కాశ్మీరమునకు చేరెను. మెల్లగా కఱ్ఱ ఊతతో నడువ నేర్చెను. 1909లో ఇంగ్లండు చేరునప్పటికి ఆతని పెట్టెలును క్షేమముగా అచటికి చేరియుండెను. ఆ సంవత్సరమే రాయల్ భౌగోళిక సంఘము ఆతనికి స్వర్ణపతకము నిచ్చి గౌరవించెను.

వ్రేళ్లు లేని పాదముతో ఆతడు మరల కొండలెక్కుట కభ్యాసము చేసెను. 1913లో మూడవ యాత్రకు బయలుదేరెను. మరుసటి యేడు జూలైలో నాన్‌షాన్ పర్వతములలో ఆతని గుఱ్ఱము బెదరి వెనుకకు విరుచుకొని ఆతనిపై పడెను. ఈసారి ఎడమతొడ కండరములు చితికిపోయెను. కొన్ని వారములు కదలలేక పరుండియుండియు, పరుండిన చోటినుండియే పటముల పనిని నడిపించెను. కోలుకొనిన పిదప తుర్ఫాను సమీపమునగల అస్తానా సమాధులను పరిశోధించెను. 1926లో, తన 63వ యేట, స్వాత్ ప్రాంతపు కొండలలో పీర్‌సర్ అను ఎత్తైన గట్టు నెక్కి, అలెగ్జాండరు ముట్టడించిన ఆవోర్నస్ దుర్గము అదియేనని నిర్ణయించెను. అటు పిమ్మట 1930లో చైనాకు పోయినను, అచటివారి అభ్యంతరములచే ఆ నాలుగవ యాత్ర విఫలమయ్యెను.

ఆఫ్ఘనిస్థానమును పరిశోధింపవలెనని స్టైన్ దశాబ్దముల తరబడి కోరుచుండెను. ఆ దేశపు అనుమతి 1943లో గాని లభింపలేదు. అప్పటికి ఆతనికి 80 సంవత్సరములు. సంతోషముతో కాబూలు చేరిన వారమునకే జబ్బుపడి, అక్టోబరు 26వ తేదీన మరణించెను. ఆతని సమాధి ఆ నగరముననే కలదు.

స్టైన్ సేకరించిన వస్తువులు నేడు కొన్ని లండనునందును, కొన్ని ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలయందును ఉన్నవి. ఆతనియు, ఆతని సర్వేయర్లయు కొలతలనుబట్టి సిద్ధమైన మధ్యాసియా పటములను భారత సర్వేశాఖ 1923లో ప్రచురించెను. ఆ పటములలో మంచుగట్లును నదులును సన్నని గీతలుగా మాత్రమే కానవచ్చును. ఆ గీతల వెనుక స్టైన్ పోగొట్టుకొనిన పాదపు వ్రేళ్లు కలవు. రాంసింగు కోల్పోయిన చూపు కలదు. పేరు తెలియని కూలీల భుజబలమును కలదు.