పొట్ట చేతబట్టుకొని వచ్చిన గాయకుడు

తిరువళ్లూరు, తిరుత్తణి ఊళ్లలో బదిలీ ఉత్తరువు పట్టుకొని దిగిన మనవంటి కుటుంబాలకు ఘంటసాల వేంకటేశ్వరరావు గారు పరాయివారు కారు. వారూ మనవలెనే పొట్ట చేతబట్టుకొని మదరాసు చేరినవారే.

1922లో గుడివాడ దాపున చౌటపల్లిలో జన్మించారు. పసితనముననే తండ్రి పోయారు. సంగీతము మీది మోజుతో చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరము వెళ్లారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద నేర్చుకొంటూ, జోలె పట్టి మధుకరముతో కడుపు నింపుకొన్నారు. ఈనాటి మన పిల్లలకు ఈ మాట చెప్పితే నమ్మరు! 1942 ఉద్యమములో జైలుకు వెళ్లారు. సముద్రాల రాఘవాచార్యుల వారి ప్రోత్సాహముతో మదరాసు వచ్చి, 1951లో 'పాతాళభైరవి' నాటికి ఇంటింటి గొంతు అయినారు. వారి తరువాత వెలిగిన బాలసుబ్రహ్మణ్యం గారు పుట్టినది మన ప్రాంతపు కోనేటమ్మపేటలోనే.

ఘంటసాల వారిని మధుమేహము చాలకాలము పీడించింది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతూండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రి పాలైనారు. లేచి వచ్చి మళ్లీ పాడారు. భగవద్గీత ఆ తరువాతిదే. విశ్రాంతి తీసుకొని ఉండవలసినదని మాకు తోస్తుంది. 1974 ఫిబ్రవరి 11న మదరాసు ఆసుపత్రిలో కన్నుమూశారు. 51 ఏండ్లే.

ఇటువంటి రోగులను గూర్చి స్వీడన్‌లో 19 ఆసుపత్రులు కలసి పరిశోధించి 1995లో ఫలితము ప్రకటించాయి. గుండెపోటు వచ్చిన 620 మంది మధుమేహ రోగులలో, వెంటనే ఇన్సులిన్ ఎక్కించి ఆపైన సూదిమందు కొనసాగించినవారిలో ఏడాదిలోగా పోయినది నూటికి 19 మంది. మామూలు వైద్యము పొందినవారిలో 26 మంది. 2005 నాటి రెండవ పరిశోధనలో ఈ తేడా కనపడలేదు.

మన సంఘములో చక్కెరవ్యాధి ఉన్నవారిని మొన్న లెక్కపెట్టబోతే మాకు రెండు చేతుల వ్రేళ్లు చాలలేదు.