భీమవరం డాక్టరు.. వేలూరు వార్డులో మాత్ర

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో పరదరామి, గుడియాత్తం పల్లెల నుంచి వేలూరు ఆస్పత్రులకు వచ్చే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ ఒకటి. చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. చంకలోనో, గజ్జల్లోనో బీడీతో చురక పెట్టినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. ఒళ్లంతా చూస్తే గానీ దొరకదు. చాలాసార్లు దాన్ని ముందుగా పట్టేది నర్సమ్మలే. వెంటనే మొదలుపెట్టే మందు డాక్సీసైక్లిన్. ఆ మందు వంశం పైకి లెక్కపెట్టుకుంటూ పోతే మన తెలుగాయన తగులుతారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదట్లో అంతంతమాత్రమే. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి పారిపోతే పట్టి తెచ్చారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లారు. దొర ప్రొఫెసరుకు మండింది. ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. జబ్బుల మూలం తేల్చాలన్న పట్టుదల అక్కడే పుట్టింది.

1922లో బోస్టన్‌లో దిగారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సొమ్ము తప్ప చేతిలో ఏమీ లేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరు పని చేసి హార్వర్డులో చదివారు. ఇంటి దగ్గర భార్య శేషగిరికి కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ దేశానికి రాలేదు, భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు. సుబ్బారావు గొప్పతనం రాసేవాళ్లు ఆ ఇల్లాలి సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు. పాపం!

హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి, 1929లో ఏటీపీ. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారి పరిశోధనలకు పెద్ద అయ్యారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు ఇప్పటికీ పంచుతున్న డీఈసీ మాత్ర అక్కడి పంటే.

ఆరియోమైసిన్ కథా అక్కడిదే. 70 దాటి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను ఆ ల్యాబ్ తీసుకుంది. ఊరూరి మట్టి తెప్పించి వెతికితే 1945లో మిస్సోరీ మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ కనిపెట్టింది సుబ్బారావేనని మనవాళ్లు రాసేస్తుంటారు గానీ అది సరికాదు. దొరకబట్టింది డగ్గర్, ఆ వెతుకులాట నడిచిన ల్యాబ్‌కు పెద్ద సుబ్బారావు. 1948 జులైలో మందును లోకానికి ప్రకటించారు. ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. 53 ఏళ్లే.

నర్సింగ్ చదివే పిల్లలు ఇక్కడ మందుల కుటుంబాలు గుర్తుపెట్టుకోవాలి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్‌లు బాక్టీరియా గోడ కట్టనివ్వవు. టెట్రాసైక్లిన్‌లు లోపలికి చొరబడి ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌ను ఆపేస్తాయి. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణంలోనే దాక్కుంటుంది. గోడ మీద పనిచేసే ఇంజెక్షన్లు ఎన్ని పొడిచినా దానికి లెక్కలేదు.

అయితే అదే లెడర్లీలో మరో పని జరిగింది. సుబ్బారావు పోయిన కొద్ది నెలలకు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. తెగ బరువెక్కాయి. 1950ల నుంచి దాణాలో యాంటీబయోటిక్ మామూలైపోయింది. రోజూ కొంచెం కొంచెం మందు తగిలితే చావని బాక్టీరియానే మిగులుతుంది, పెరుగుతుంది. కొన్ని మందును పంపు పెట్టి బయటకు తోడేస్తాయి. కొన్ని రైబోజోమ్‌కు అడ్డుగా ప్రొటీన్ నిలబెడతాయి. ఆ తెలివి రాసున్న జన్యువులను పక్కదానికి అందిస్తాయి కూడా. 1950ల్లోనే జపాన్‌లో రక్తవిరేచనాల క్రిమి టెట్రాసైక్లిన్‌తో పాటు మరి మూడు మందులకు ఒకేసారి లొంగకుండా పోయింది. మన దేశంలో కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించింది 2019లో గానీ కాదు.

స్క్రబ్ టైఫస్ మీద డాక్సీసైక్లిన్ ఇంకా పనిచేస్తోంది. జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం ఒక్కటే చాలదని వేలూరు సీఎంసీ ముందుండి నడిపించిన పరిశోధన తేల్చింది. దాదాపు 800 మంది రోగులపై చేసిన ఆ పని 2023లో అచ్చయింది. డాక్సీసైక్లిన్ రైబోజోమ్‌లో ఒక భాగాన్ని, అజిత్రోమైసిన్ రెండో భాగాన్ని పడతాయి. రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే విడివిడిగా ఇచ్చిన దానికన్నా మేలు కనిపించింది.

మాత్ర ఇచ్చేటప్పుడు నర్సులు చూసుకోవాల్సినవి ఉన్నాయి. పాలతో, గ్యాస్ మందుతో, ఐరన్ మాత్రతో కలిపి ఇస్తే ఒంటికి పట్టదు. నిండు గ్లాసు నీళ్లతో మింగించి కాసేపు పడుకోనివ్వకూడదు, అన్నవాహిక పుండు పడుతుంది. గర్భిణి అయితే ముందే డాక్టరుకు చెప్పాలి. జ్వరం రెండ్రోజుల్లో దిగిందని మిగతా మాత్రలు కొంగున ముడేసుకుని ఊరికి బయల్దేరే అవ్వకు, చీటీలో రాసినన్ని రోజులూ వాడాలని తెలుగులోనే చెప్పి పంపాలి.