తండ్రి సంపాదన, తనయుడి కీర్తి: ఆనంద భవన్‌లో నెహ్రూలు

1920ల తొలినాళ్లలో జవహర్‌లాల్ నెహ్రూను ఒక విషయం లోలోపల బాధించేది. సహాయ నిరాకరణోద్యమం కోసం ఆయన న్యాయవాద వృత్తిని విడిచిపెట్టారు. భార్య కమల, కుమార్తె ఇందిరతో సహా తండ్రి సంపాదన మీదే జీవిస్తున్నారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన మహమ్మద్ అలీ ఆయనకు ప్రధాన కార్యదర్శి పదవి అప్పగించారు. పని పెరిగింది, ఆదాయం మాత్రం లేదు.

పూర్తికాలం పనిచేసే కార్యకర్తలకు పార్టీయే జీతమివ్వడంలో తప్పులేదని జవహర్‌లాల్ భావించారు. అలహాబాదు న్యాయవాదుల్లో అగ్రగణ్యుడైన మోతీలాల్ అందుకు గట్టిగా అభ్యంతరం చెప్పారు. డబ్బు అవసరం ఉన్న తోటి కార్యదర్శి సైతం కాంగ్రెస్ సొమ్ము తీసుకోవడం తన గౌరవానికి తగదన్నారు. జీతానికి సిద్ధపడిన జవహర్‌లాల్‌కూ అది దక్కలేదు.

చివరకు ఒకసారి, తండ్రి మనసు నొప్పించకుండా, ఈ పరాధీనత తనకు నచ్చడం లేదని ఆయన మెల్లగా చెప్పారు. మోతీలాల్ లెక్క న్యాయవాది లెక్కే. కొడుకు, కోడలికి ఏడాదికి సరిపడే డబ్బు తాను కొద్ది రోజుల్లోనే సంపాదించగలరు. అంతమాత్రం రాబడి కోసం కొడుకు ప్రజాసేవకు దక్కాల్సిన కాలాన్ని వెచ్చించడం అవివేకమని ఆయన సలహా. జవహర్‌లాల్‌కు తృప్తి కలగలేదు, అయినా ఆ మాట ప్రకారమే నడుచుకున్నారు.

1929 డిసెంబరులో లాహోరులో తండ్రి నుంచే కాంగ్రెస్ అధ్యక్ష పదవిని స్వీకరించాక కీర్తి వెల్లువెత్తింది. ప్రయాగకు వచ్చిన యాత్రికులు ఆయన దర్శనానికి ఆనంద భవన్ ముందు బారులు తీరేవారు. ఇంట్లో మాత్రం కమల, చెల్లెళ్లు జనం తగిలించిన పెద్ద పెద్ద బిరుదులతోనే ఆయనను పిలిచి ఆటపట్టించేవారు. చిన్నారి ఇందిర కూడా వారితో చేరేది. ఆ వేళాకోళం తల్లి స్వరూపరాణికి మింగుడుపడేది కాదు. మోతీలాల్ వినోదంగా చూసేవారు. ఉపన్యాసాలివ్వకుండా, తనకు అంతా అర్థమైందని కొడుక్కి తెలిసేలా చేయడం ఆయన పద్ధతి.

1931 ఫిబ్రవరి 6న మోతీలాల్ కన్నుమూశారు. ఆ తర్వాత జైలులో రాసి 1936లో ప్రచురించిన ఆత్మకథ జవహర్‌లాల్‌కు సొంత రాబడి తెచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో కలకత్తా నుంచి వెలువడే మోడరన్ రివ్యూలో చాణక్య అనే పేరుతో ఒక వ్యాసం వచ్చింది. జనాదరణ జవహర్‌లాల్‌ను నియంతగా మార్చగలదని, ఆయనను మళ్లీ అధ్యక్షుణ్ణి చేయవద్దని అది హెచ్చరించింది. రాసింది జవహర్‌లాలేనని పాఠకులకు ఆ తర్వాత గానీ తెలియలేదు.