చీలికల కాలంలో ఒక కాపరి: బిషప్ అజరయ్యగారు

ఎన్నికలు వచ్చినప్పుడెల్లా ఒకే బల్ల యొద్ద ప్రభురాత్రి భోజనము తీసికొన్నవారే రెండు పార్టీలై పలకరింపులు మానుకొనుట మనమెరిగినదే. ఇట్టి దినములలో బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును జ్ఞాపకము చేసికొనుట మనకు మేలు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై గ్రామములో ఒక పాదిరిగారి కుమారుడుగా జన్మించిరి. వై.ఎం.సి.ఎ.లో చాలాకాలము పనిచేసి, 1909లో గురుపట్టము పొంది, నిజాం రాష్ట్రములోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చిరి. తమిళుడైనను తెలుగు నేర్చుకొని పల్లె పల్లెకు తిరిగిరి. 1910లో ఎడింబరో మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయ సేవకులను స్నేహితులుగా ఎంచుట లేదని నిర్భయముగా చెప్పగా పలువురు నొచ్చుకొనిరి. అయినను ఆయన వారితో తెగతెంపులు చేసికొనలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి.

1930 తరువాత దేశము మతముల వారీగా చీలుచుండెను. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకును ప్రత్యేక నియోజకవర్గములిచ్చెను. అనగా క్రైస్తవుడు క్రైస్తవ అభ్యర్థికే ఓటు వేయవలెను. కొద్దిమందిమి గనుక ఈ రక్షణ లేనిదే మన గోడు వినువారుండరని అనేకులు భయపడిరి. ఆ భయము నిరాధారమని మనమనలేము. కాని బిషప్పుగారు ఈ ఏర్పాటును బహిరంగముగా వ్యతిరేకించిరి. ఇరుగుపొరుగు వారినుండి మనలను వేరుచేయు గోడ ఇది; సంఘము సీట్ల కొరకు బేరమాడు వర్గముగా మారిపోవునని ఆయన భయము.

ఆయన మాట చెల్లలేదు. 1935 చట్టము క్రింద మద్రాసు శాసనసభలో 215 స్థానములకు 8 భారతీయ క్రైస్తవులకు కేటాయింపబడెను. అంతమాత్రమున ఆయన కోపముతో ముడుచుకొని కూర్చుండలేదు. మాల, మాదిగ సంఘస్థులు కులభేదము విడిచి ఒకే బల్లకు రావలెనని ప్రయాసపడుచునే యుండిరి. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులను కలిపి కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ దేవాలయమును 1939లో ప్రతిష్ఠించిరి. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నమును కడవరకు మోసిరి.

1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడుట ఆయన చూడలేదు. 1949లో రాజ్యాంగసభ మత అల్పసంఖ్యాకులకు శాసనసభలలో కేటాయింపులను విరమించినప్పుడు, క్రైస్తవ సభ్యులు దానికి సమ్మతించుటయు ఆయన చూడలేదు.

ప్రియ సంఘస్థులారా, మనకు నచ్చని తీర్పు వచ్చినప్పుడు మన అభిప్రాయమును దాచనక్కరలేదు. అయితే వచ్చే ఎన్నికల మరునాడు, అవతలి పార్టీకి ఓటు వేసిన సహోదరుని గుమ్మము మనమే ముందుగా త్రొక్కుదము.