థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (1761 మే 27 - 1827 జూలై 6) ఈస్టిండియా కంపెనీ పాలనా కాలంలో సైనికాధికారిగా, దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా, మద్రాసు గవర్నరుగా పనిచేసిన స్కాట్లాండు దేశీయుడు. రైతువారీ పద్ధతికి రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడిగా ఇతడు ప్రసిద్ధుడు. భూమిశిస్తు విషయంలో వచ్చినంత పేరు రాకపోయినా, ఆస్తి తగాదాలు, అప్పుల వ్యాజ్యాల పరిష్కారంలో ఇతడు తెచ్చిన మార్పులు కూడా అంతే కాలం నిలిచాయి. 1816లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడిన గ్రామ మునసబు, జిల్లా మునసబు న్యాయస్థానాలు ఇతని కృషి ఫలితమే. వాటితోపాటు ఇతడు ఎంతో ఆశతో చట్టబద్ధం చేయించిన పంచాయతీలు మాత్రం ఆదరణ పొందలేదు.

బాల్యం, విద్య

మన్రో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నతనంలో సోకిన తట్టు వలన థామస్‌కు వినికిడి శక్తి కొంత తగ్గింది. అతడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. పుస్తక పఠనంపై గల ఆసక్తితో, డాన్ క్విక్సోట్ నవలను మూలంలో చదవడానికి స్పానిష్ భాషను సొంతంగా నేర్చుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వలన తండ్రి వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. దానితో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పదాతిదళ శిక్షణార్థిగా చేరి, 1780 జనవరిలో మద్రాసు చేరుకున్నాడు.

సైనిక జీవితం, బారామహల్

మన్రో వచ్చిన సంవత్సరమే మైసూరు పాలకుడు హైదర్ అలీతో కంపెనీకి యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలోను, 1790-92 మధ్య టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలోను అతడు పాల్గొన్నాడు. ఈ కాలంలోనే హిందుస్తానీ, పారశీక భాషలు నేర్చుకున్నాడు. 1792లో టిప్పు నుండి కంపెనీకి దక్కిన బారామహల్ ప్రాంత పాలనకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను నియమించారు. బారామహల్ ప్రస్తుతం తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి పరిసర ప్రాంతం. రీడ్‌కు సహాయకులుగా ఎంపికైన సైనికాధికారులలో మన్రో ఒకడు. జమీందారు ప్రమేయం లేకుండా ప్రభుత్వమే నేరుగా రైతు నుండి శిస్తు వసూలు చేసే పద్ధతి అక్కడ రూపుదిద్దుకున్నది. ఊరూరా తిరిగి పొలాలను, లెక్కలను పరిశీలించిన ఏడేళ్ళ అనుభవం మన్రో ఆలోచనలకు పునాది అయింది. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత కొంతకాలం కెనరా ప్రాంతంలో కలెక్టరుగా పనిచేశాడు.

దత్తమండలాలలో

1800లో నిజాము కంపెనీకి ధారాదత్తం చేసిన ప్రాంతమే దత్తమండలాలు. నేటి బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం ఇందులో ఉండేవి. ఆంధ్రదేశంలో ఉన్న భాగానికి 1928లో రాయలసీమ అనే పేరు వచ్చింది. మన్రో 1800 నుండి 1807 వరకు ఈ ప్రాంతానికి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. సుమారు 80 మంది పాలెగాళ్ళను సైనికబలంతో అణచివేశాడు. ఈ విషయంలో అతడు కఠినంగా వ్యవహరించాడని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. ఆ తరువాత భూములను సర్వే చేయించి, రైతువారీ శిస్తును నిర్ణయించాడు.

ఈ పనిలో భాగంగా పొలం గట్టు తగాదాలు, మాన్యాల హక్కులు, చెరువు నీటి పంపకాలు వంటి వివాదాలు కలెక్టరు ముందుకు వచ్చేవి. ఏ పొలం ఎవరి సాగులో ఉన్నదో చెప్పగలిగినవారు ఆ ఊరి రెడ్డి, కరణం, ఇరుగుపొరుగు రైతులే. సాక్ష్యం ఊరిలో ఉన్నప్పుడు తీర్పు కూడా ఊరికి దగ్గరగానే జరగాలన్న అభిప్రాయం మన్రోలో బలపడింది.

జిల్లా కోర్టులపై అభిప్రాయం

కారన్‌వాలీస్ 1793లో బెంగాలులో ప్రవేశపెట్టిన న్యాయవ్యవస్థను 1802 నుండి మద్రాసు ప్రెసిడెన్సీకి క్రమంగా విస్తరింపజేశారు. జిల్లాకు ఒక ఆంగ్లేయ జడ్జి, వారిపైన ప్రొవిన్షియల్ కోర్టులు, అన్నిటికీ పైన మద్రాసులో సదర్ అదాలతు ఉండేవి. చిన్న దావాల విచారణకు స్వదేశీ కమీషనర్లు ఉన్నా, వారి అధికారం 80 ఆర్కాటు రూపాయల విలువ దాటేది కాదు.

ఆచరణలో ఈ వ్యవస్థకు పలు ఇబ్బందులు ఎదురయ్యాయి. దావా వేసిన రైతు సాక్షులను వెంటబెట్టుకొని రోజుల తరబడి ప్రయాణం చేయవలసి వచ్చేది. కోర్టు రుసుములు, వకీలు ఖర్చులు భరించవలసి వచ్చేది. దావాలు పేరుకుపోయి తీర్పులు ఆలస్యమయ్యేవి. స్థానిక భాష, ఆచారాలు బాగా తెలియని జడ్జి క్రింది ఉద్యోగుల మీద ఆధారపడేవాడు. వివాదంలో ఉన్న సొమ్ము కంటే ఖర్చే ఎక్కువయ్యే పరిస్థితిలో పేదవాడు తన హక్కును వదులుకోవలసిందేనని మన్రో భావించాడు.

ఇంగ్లండులో కృషి

1807లో మన్రో సెలవుపై ఇంగ్లండు వెళ్ళాడు. అప్పుడు కంపెనీ చార్టరు పునరుద్ధరణపై బ్రిటీషు పార్లమెంటులో చర్చ జరుగుతున్నది. 1812లో పార్లమెంటు సంఘం సమర్పించిన ఐదవ నివేదిక మద్రాసు పాలనను వివరంగా పరిశీలించింది. 1813లో మన్రో పార్లమెంటు ముందు సాక్ష్యం ఇచ్చాడు. లండనులో కంపెనీ వ్యవహారాలను పర్యవేక్షించే బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌లో ఉద్యోగి అయిన జేమ్స్ కమింగ్ అతని వాదనలను సమర్థించాడు. 1814 ఏప్రిల్‌లో కంపెనీ డైరెక్టర్లు మద్రాసు న్యాయ, పోలీసు వ్యవస్థలను సంస్కరించవలసిందిగా ఆదేశాలు పంపారు. అందుకు ఏర్పరచిన సంఘానికి మన్రోను అధ్యక్షునిగా నియమించారు. అదే సంవత్సరం మార్చిలో అతనికి జేన్ కాంప్‌బెల్‌తో వివాహమైంది. సెప్టెంబరులో మద్రాసు చేరుకున్నాడు.

1816 నాటి రెగ్యులేషన్లు

సంఘంలో మన్రోకు సహాయకుడు జార్జి స్ట్రాటన్. గవర్నరు హ్యూ ఎలియట్ ప్రభుత్వంలోను, సదర్ అదాలతు న్యాయమూర్తులలోను ఈ మార్పులపై వ్యతిరేకత ఉండేది. అందువలన రెగ్యులేషన్లు వెలువడడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. సివిల్ వివాదాలకు సంబంధించి వాటిలో ముఖ్యమైనవి నాలుగు.

నాలుగవ రెగ్యులేషన్: గ్రామ పెద్దను గ్రామ మునసబుగా గుర్తించారు. సొమ్ము, చరాస్తులకు సంబంధించిన 10 ఆర్కాటు రూపాయల వరకు విలువ గల దావాలను అతడు విచారించవచ్చు. ఉభయపక్షాలు అంగీకరిస్తే 100 రూపాయల వరకు మధ్యవర్తిగా తీర్పు చెప్పవచ్చు.

ఐదవ రెగ్యులేషన్: ఉభయపక్షాలు కోరుకుంటే గ్రామ మునసబు పంచాయతీని సమావేశపరచవచ్చు. దీనికి దావా విలువపై పరిమితి లేదు.

ఆరవ రెగ్యులేషన్: పాత స్వదేశీ కమీషనర్ల స్థానంలో జిల్లా మునసబులను నియమించారు. వీరు 200 ఆర్కాటు రూపాయల వరకు భూమి, సొమ్ము దావాలను విచారించేవారు. తరువాతి కాలంలో ఈ పరిమితిని పెంచారు.

ఏడవ రెగ్యులేషన్: జిల్లా మునసబు కూడా కక్షిదారుల సమ్మతితో పంచాయతీని ఏర్పాటు చేయవచ్చు.

పంచాయతీ తీర్పే తుది తీర్పు. సభ్యులు లంచం తీసుకున్నారని గాని, పక్షపాతం చూపారని గాని ఆరోపణ ఉంటేనే దానిని పై కోర్టులో ప్రశ్నించే వీలుండేది. అప్పీళ్ళతో వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగకుండా చేయడమే దీని ఉద్దేశం.

ఇదే సంవత్సరం మెజిస్ట్రేటు అధికారాన్ని జిల్లా జడ్జి నుండి కలెక్టరుకు మార్చారు. గ్రామ పెద్దలు, తహసీల్దారులు పోలీసు విధులను కూడా చేపట్టారు.

ఫలితాలు

జిల్లా మునసబు న్యాయస్థానాలకు ప్రజల నుండి మంచి ఆదరణ లభించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ వ్యాజ్యాలలో అధికభాగాన్ని స్వదేశీ న్యాయాధికారులే పరిష్కరించే స్థితి ఏర్పడింది. న్యాయనిర్ణయానికి ఆంగ్లేయులే తగినవారన్న అప్పటి వాదనను మన్రో అంగీకరించలేదు. భారతీయులను బాధ్యత గల పదవులకు దూరంగా ఉంచడం వారిని దిగజార్చడమేనని గవర్నరుగా తన నివేదికలలో పేర్కొన్నాడు.

పంచాయతీల సంగతి వేరు. వాటిని ఆశ్రయించినవారు చాలా తక్కువ. పంచాయతీలో కూర్చున్నవారికి జీతం లేదు. సొంత పనులు మానుకొని, ఇరుగుపొరుగువారితో విరోధం తెచ్చుకోవడానికి పెద్దలు సుముఖత చూపేవారు కాదు. ఇరుపక్షాల సమ్మతి తప్పనిసరి కావడంతో, తనది తప్పని తెలిసిన ప్రతివాది ఒప్పుకోకపోతే పంచాయతీ కూడేది కాదు. పిలిస్తే వచ్చి తీరవలసిన, తీర్పును అమలు చేయించగల మునసబు దగ్గరలోనే ఉన్నప్పుడు వాది అక్కడికే వెళ్ళేవాడు. పీష్వా పాలన ముగిసిన తరువాత దక్కనులో పంచాయతీలను నిలబెట్టాలని ప్రయత్నించిన ఎల్ఫిన్‌స్టన్‌కు కూడా ఇటువంటి అనుభవమే ఎదురైంది. పూర్వం పంచాయతీ వెనుక ఊరి కట్టుబాటు, పాలకుని అండ ఉండేవి. రెగ్యులేషన్ పంచాయతీకి రూపమిచ్చినా ఆ బలాన్ని ఇవ్వలేకపోయింది.

గవర్నరుగా

1817-18 మరాఠా యుద్ధంలో బ్రిగేడియరు జనరల్ హోదాలో పాల్గొన్న మన్రో, 1819లో ఇంగ్లండు వెళ్ళి నైట్ బిరుదు పొందాడు. 1820 జూన్ 10న మద్రాసు గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు. 1808 తరువాత పక్కన పెట్టిన రైతువారీ విధానాన్ని తిరిగి అమలు చేశాడు. 1822లో దేశీయ పాఠశాలల పరిస్థితిపై విచారణకు ఆదేశించాడు. ప్రెసిడెన్సీలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు 1826లో తేలింది. అధికారులు ప్రజల భాషలు నేర్చుకోవాలని గట్టిగా చెప్పేవాడు. తరువాత తెలుగు నిఘంటుకారుడిగా పేరొందిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరినప్పుడు గవర్నరు మన్రోయే. 1825లో మన్రోకు బారోనెట్ హోదా లభించింది.

మరణం

పదవీ విరమణకు ముందు దత్తమండలాలను చివరిసారి చూడాలని మన్రో 1827లో పర్యటనకు బయలుదేరాడు. దారిలో కలరా సోకి జూలై 6న కర్నూలు ప్రాంతంలోని పత్తికొండలో మరణించాడు. భౌతికకాయాన్ని గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. అతని జ్ఞాపకార్థం పత్తికొండలో బావి తవ్వించి తోపు నాటించారు. గుత్తిలో సత్రం కట్టించారు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ తయారుచేసిన, గుర్రంపై ఆసీనుడైన మన్రో విగ్రహాన్ని 1839లో మద్రాసులో నెలకొల్పారు.

జనశ్రుతిలో

రాయలసీమలో పూర్వం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేవారు. మంత్రాలయం మఠం భూముల వివాదాన్ని విచారించడానికి మన్రో వెళ్ళినప్పుడు బృందావనం నుండి రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చి అతనితో మాట్లాడాడని, ఆ తరువాత భూములు మఠానికే దక్కాయని భక్తుల విశ్వాసం.

విమర్శలు, ప్రభావం

శిస్తు వసూలు చేసే కలెక్టరుకే మెజిస్ట్రేటు అధికారం ఇవ్వడం మన్రో సంస్కరణలలోని పెద్ద లోపమని విమర్శకులు పేర్కొన్నారు. శిస్తు వసూలు కోసం క్రింది ఉద్యోగులు రైతులను హింసిస్తున్నారని 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నిర్ధారించింది. ఆ ఉద్యోగులకే పోలీసు విధులు కూడా ఉండడం వలన బాధితులకు చెప్పుకొనే దిక్కు లేకపోయింది. 1859 నాటి చట్టంతో పోలీసు శాఖ వేరయింది. గ్రామ మునసబు సాధారణంగా ఊరిలోని బలమైన భూస్వామి కావడం వలన బలహీనులకు అతని వద్ద న్యాయం అన్నివేళలా సాధ్యమయ్యేది కాదు. మన్రో సంస్కరణలు కలెక్టరు ఆధిపత్యాన్ని పెంచాయని చరిత్రకారుడు బర్టన్ స్టీన్ 1989లో ప్రచురించిన గ్రంథంలో విశ్లేషించాడు.

గ్రామ మునసబు న్యాయస్థానాలకు 1889 నాటి మద్రాసు గ్రామ న్యాయస్థానాల చట్టం కొత్త రూపమిచ్చింది. ఆంధ్ర ప్రదేశ్‌లో వంశపారంపర్య మునసబు, కరణం పదవులను ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. జిల్లా మునసబు కోర్టులు కాలక్రమంలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులయ్యాయి. ఉభయపక్షాల సమ్మతితో, అప్పీలు లేకుండా వివాదాన్ని ముగించాలన్న ఆలోచన 1987 నాటి న్యాయసేవల చట్టం ద్వారా లోక్ అదాలతులలో మళ్ళీ కనిపిస్తుంది. అయితే లోక్ అదాలతు అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉన్నది.